మొదటి పిండి

దేవుడు పెట్టినదాన్ని వద్దనవచ్చునా? ఈ అనుమానం నన్ను చాలా ఏళ్లుగా పట్టుకుని వదల్లేదు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. అడిగితే ఏమంటారో తెలుసు. తిండి ఎక్కువై వచ్చిన అనుమానం అంటారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

మాది పిండిమర ఉన్న ఇల్లు. ముందు గదిలో మర, వెనక వంటిల్లు, మధ్యలో ఒక్క తలుపు. తలుపు ఎంత గట్టిగా వేసినా పిండి ఇవతలికి వస్తుంది. దిండ్ల మీద, దీపం మీద, మా అత్తగారి కళ్లద్దాల మీద, అంతటా పిండే. ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలోనే ఒక పని నా అంతట నేనే తీసుకున్నాను. పొద్దున్నే మోటారు వెయ్యకముందు చెక్క నిచ్చెన ఎక్కి, గింజలు పోసే తొట్టిలో మొదటి దోసెడు గోధుమలు నా చేత్తో పోసేదాన్ని. పోస్తూ, "స్వామీ, ఈ పిండి ఎవరింటికి పోతుందో వాళ్ల కడుపు చల్లగా ఉండనీ" అనుకునేదాన్ని. ఆ పైన నిలబడ్డ కాసేపూ నా పూజ. నాకు వేరే పూజగది అక్కర్లేకపోయింది.

తర్వాత ఒళ్లు పెరిగింది. మోకాళ్లు వాచాయి. ఒక పొద్దున నిచ్చెన మెట్టు నా కింద చిట్లింది. నేను పడలేదు గానీ మా ఆయన మొహం పాలిపోయింది.

"ఇక చాల్లే. నువ్వు కింద త్రాసు దగ్గర కూచో. పైకి చిన్నది ఎక్కుతుంది" అన్నారు.

చిన్నది అంటే నా తోడికోడలు. చురుకైన పిల్ల. నిచ్చెన ఎక్కి, ఏదో పాట కూనిరాగం తీస్తూ, గింజల్ని ధబాల్న గుమ్మరించి దిగిపోయేది. ఆ పాట తప్పని నేననను. దేవుడికి అదే నచ్చిందేమో ఎవరికి తెలుసు? కానీ కింద స్టూలు మీద కూచుని పైకి చూస్తూంటే, నా చోట్లో ఇంకెవరో నిలబడి ఉన్నట్టుండేది. ఆ నిచ్చెన మళ్లీ ఎక్కాలి. నాకు కావలసింది అదొక్కటే.

మొదట్లో అందరూ చేసేదే చేశాను. రొట్టెలు సగం చేసుకున్నాను. మధ్యాహ్నానికి కళ్లు తిరిగేవి, సాయంత్రానికి ఆ మానేసిన సగంతో పాటు ఇంకో రెండు తినేదాన్ని. చివరికి వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రక్తం పరీక్ష కాగితం పక్కన పెట్టి అడిగింది.

"రోజూ ఏం తింటారు?"

"రొట్టె."

"దాంతో?"

"దాంతో ఇంకో రొట్టె."

ఆవిడ నవ్వింది గానీ వెంటనే నవ్వు ఆపేసి చెప్పింది. "కడుపు మాడ్చుకోవద్దు. పిండి, చక్కెర, దుంపలు బాగా తగ్గించండి. గుడ్లు, చేపలు, ఆకుకూరలు, వెన్న, బాదంలాంటి గింజలు కడుపు నిండా తినండి. నెలనెలా వచ్చి చూపించుకోండి, మీ అంతట మీరు మందులేవీ మానొద్దు."

"మాది పిండిమర డాక్టరమ్మా. పిండి మానేస్తే ఎలా?"

"మర తింటోందిగా, మళ్లీ మీరెందుకు?"

ఆ మాట దారంతా నాతో నడిచి వచ్చింది.

మర్నాడు పొద్దున గుడ్లు కొట్టి, మా ఆయన నాకని విడిగా కొని తెచ్చిన వెన్నలో వేయించుకున్నాను. పక్కన గుప్పెడు ఆకుకూర, వెల్లుల్లి చితక్కొట్టి వేశాను. మధ్యాహ్నం చేపముక్క పెనం మీద చర్మం కరకరలాడేలా కాల్చి, సన్నగా తరిగిన క్యాబేజీతో తిన్నాను. తిన్నాక పళ్లెం చూసుకుంటే నవ్వొచ్చింది. పథ్యమంటే చప్పిడి గంజి, ఏడుపు మొహం అనుకున్నానే! ఇన్నాళ్లూ రొట్టె పక్కన ఏదో నంజుకోవడానికి ఉన్నవన్నీ ఇప్పుడు పళ్లెం మధ్యకి వచ్చి కూచున్నాయి. నెల తిరిగేసరికి మధ్యాహ్నపు కునుకు పోయింది. ఇంకాస్త పోయేసరికి పక్కింటి కుట్టు అక్క నా బట్టలన్నీ లోపలికి కుట్లు వేసి ఇవ్వాల్సి వచ్చింది.

కుట్టు అక్క సంగతి ఇక్కడ చెప్పాలి. మా గోడకి ఆనుకుని ఆమె ఇల్లు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారు. మా అత్తగారు అల్మరా తాళం నడుముకి దోపుకుని బయటికెళ్లారు. గోడమీద నుంచి కుట్టు అక్కని అడిగి చిన్న గిన్నెడు వెన్న తెచ్చుకుని పరువు నిలబెట్టుకున్నాను. మర్నాడు అదే గిన్నె నిండా మెత్తటి పిండి పోసి ఇవ్వబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పిండి నాకు పడదు పిల్లా. తింటే ఒళ్లంతా దద్దుర్లు. వెన్న తీసుకున్నావు, వెన్నే ఇవ్వు. తొందరేం లేదు."

మా ఇంట్లో వెన్న చెంచాతో కొలిచి అత్తగారు తీసి ఇచ్చేవారు. అప్పు తెచ్చానని చెబితే ఇంటి పరువు గోడ దాటించావంటారు. అందుకని అడగలేకపోయాను. గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. అప్పటి నుంచీ కుట్టు అక్క కనపడినప్పుడల్లా, "నా గిన్నె కులాసానా?" అంటుంది. "కులాసానే అక్కా, నిన్నే అడుగుతోంది" అంటాను. మా అత్తగారికి మాత్రం ఆమె అంటే గిట్టదు. వీధి మొత్తంలో మన మరకి గింజ పంపని ఇల్లు అదొక్కటే, ఎంత పొగరో అంటారు.

ఇప్పుడు ఆ పొగరు తన ఇంట్లోనే పుట్టేసరికి అత్తగారు ఊరుకుంటారా?

"దర్జీ ఒంటి మీద గుడ్డ లేకుండా కొట్టు తెరిస్తే నువ్వెళ్లి బట్టలు కుట్టించుకుంటావా?" అన్నారు ఒకరోజు నా పళ్లెం వంక చూస్తూ.

"నా ఒంటి మీద గుడ్డ ఉందత్తయ్యా. ఇంతకాలం ఎక్కువే పట్టింది, అదే నా బాధ."

తోడికోడలు పక్కకి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వండి, నవ్వండి. రేపు గింజ తెచ్చేవాళ్లు అడుగుతారు, అప్పుడు నవ్వుదురుగాని."

ఆవిడ అన్నట్టే అయింది. వీధి అవతలి నుంచి వచ్చే ఒకావిడ, మనిషీ లావే గొంతూ లావే, సంచీ త్రాసు మీద దించి నలుగురిలో అడిగేసింది.

"ఏమ్మా, మీ పిండి నువ్వే తినవటగా? ఏమన్నా కలుస్తోందా ఏంటి?"

"ఏమీ కలవదండీ. నా ఒంటికి పడదు, అంతే."

"ఊఁ" అంది ఆవిడ. ఆ ఊఁ నాకే కాదు, గదిలో ఉన్న సంచీలన్నిటికీ వినపడింది. మా అత్తగారు నా వంక చూడలేదు. ఆవిడ భయం ఉత్త చాదస్తం కాదని నాకప్పుడు తెలిసింది. మరకి ఉన్న ఆస్తల్లా జనం నమ్మకమే.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. పోయిన మా మామగారు పెట్టింది. మర రాళ్లు అరిగితే వాటిని విప్పి, ఉలితో మళ్లీ గంట్లు కొట్టాలి. అలా కొట్టిన తర్వాత ఆడిన మొదటి పిండిలో రాతిపొడి ఉంటుంది. కొన్ని మరల్లో దాన్ని చూసీచూడనట్టు ఎవరి సంచీలోనో కలిపేస్తారట. మామగారు మాత్రం, "రాయి మనది, రాతిపొడి కూడా మనమే తినాలి" అనేవారు. ఆ మొదటి పిండితో రొట్టెలు చేసి, ముందు గదిలో తలుపు బార్లా తీసి, గింజ తెచ్చినవాళ్లు చూస్తూండగా ఇంటిల్లిపాదీ తినాలి. నేనూ ఎన్నోసార్లు తిన్నాను. పళ్ల మధ్య కరకరమంటుంది. మా అత్తగారి ముందుపన్ను మూల విరిగింది ఆ రొట్టెతోనే. ఆవిడ ఆ పన్ను కనపడేలా నవ్వుతారు.

అసలు గొడవ బాదం గింజలతో వచ్చింది. అన్నీ బాగానే ఉన్నా, పొద్దున వేడివేడిగా చేత్తో తుంచుకునేది ఏదైనా ఉంటే బాగుండనిపించేది. బాదం గింజల పొడితో గుడ్డు కలిపి రొట్టెలాంటిది కాల్చుకోవచ్చని కుట్టు అక్క చెప్పింది. ఆమె ఎప్పటినుంచో అలాగే చేసుకుంటోంది. నేను వంటింట్లో చిన్న రోట్లో కొద్దికొద్దిగా దంచుకుంటున్నాను. ఆ చప్పుడు విని మా ఆయన వచ్చారు.

"మర పెట్టుకుని రోట్లో దంచడమేంటి? ఎవరన్నా వింటే నవ్విపోతారు. ఇటివ్వు."

"నూనె గింజలండీ. మరలో వద్దేమో."

"ఆ రాయంటే ఏమనుకున్నావు? మేకులు పోసినా పిండి చేసి ఇస్తుంది."

నా మీద జాలి కొంత, మర మీద గర్వం కొంత. నేను తినేది కూడా తన మర పిండే కావాలని ఆయన ఆశ. ఆ ఆశ ముందు నా మాట నిలవలేదు. పళ్లెం నిండా ఉన్న బాదం గింజలు తొట్టిలో పోసి మోటారు వేశారు.

కాసేపు బాగానే ఉంది. తర్వాత మర గొంతు మారింది. రోజూ గలగలమనే మనిషి నోట్లో జిగురుముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ముక్కింది. బెల్టు కాలిన వాసన. మా ఆయన పరుగున వెళ్లి మోటారు ఆపారు. కింద పిండి పడే గొట్టంలోంచి పొడి రాలేదు. గోధుమరంగు ముద్ద ఒకటి వేలాడుతూ ఉంది.

తోడికోడలు వేలితో తీసి నాకింది. "బాగుందక్కా! కాకపోతే కాస్త రాయి రుచి."

పై రాయి ఎత్తి చూస్తే గంట్లన్నీ నూనె ముద్దతో పూడిపోయి, నున్నగా మెరుస్తున్నాయి. గోకితే పోయేది కాదు. రాళ్లు రెండూ కడిగి, ఆరబెట్టి, మళ్లీ గంట్లు కొట్టాల్సిందే. అందాకా మర మూత. సంచీలతో వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడి, మా ఆయన ఉలి చప్పుడు విని, వెనక్కి తిరిగి వెళ్లారు. కొందరు అవతలి మరకి వెళ్లి ఉంటారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ బరువైంది.

ఆయన అనని మాటలన్నీ అత్తగారు అన్నారు. చివరికి తీర్పు చెప్పారు. "నీ బాదం కోసం రాయి పాడైంది. కొట్టాక మొదటి పిండి రొట్టె మొదట నువ్వే తినాలి. అందరి ముందూ. దాంతో ఈ వేషాలన్నీ ఆఖరు."

ఆ రోజు పొయ్యి దగ్గర నా చేపముక్క తిప్పుకుంటూ దేవుడితోనే మాట్లాడాను. ఒక్క రొట్టెతో ఏం పోతుంది స్వామీ? ఏమీ పోదు. కానీ ఈ ఒక్క రొట్టె తింటే రేపు ఇంకొకటి. పెద్దావిడ మాట కోసం ఒకటి, ఇంటి పరువు కోసం ఒకటి, చుట్టాల ముందు ఒకటి. అన్నిటికీ కారణాలు మంచివే. నా మోకాళ్లకి ఆ కారణాలు తెలియవు.

రాళ్లు మళ్లీ ఎక్కించిన పొద్దున ముందు గది నిండా జనం. గొంతు లావుగా ఉన్నావిడ అందరికంటే ముందు తన సంచీ మీదే కూచుంది. తోడికోడలు దోసెడు గోధుమలు తీసుకుని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"దిగమ్మా. నేను పోస్తాను" అన్నాను.

"అక్కా, నువ్వా?"

"ఏయ్, వద్దు. మోకాలు..." మా ఆయన చెయ్యి చాపారు.

"మెట్టుకి మేకులు కొట్టారుగా? మీరు కొట్టిన మేకు మీద మీకే నమ్మకం లేదా?"

ఎవరో నవ్వారు. నేను ఎక్కాను. చిట్లిన మెట్టు మీద అడ్డుచెక్క కొట్టి ఉంది. దాని మీద కాలు మోపితే కిర్రుమంది, అంతే. ఆపై మెట్టు. ఆపై మెట్టు. మోకాలు నొప్పి పెట్టలేదని అనను. కానీ అది నా మాట విన్నది. పైకి వెళ్లేసరికి ఊపిరి నా దగ్గరే ఉంది. తొట్టి అంచు మీద పాత పిండి, నేను చివరిసారి చెయ్యి పెట్టినప్పటిలాగే ఉంది. గోధుమలు పోశాను. ఎప్పటి ప్రార్థనా చెప్పి, దాని వెంటే అడిగేశాను. వద్దంటే నీకు కోపమా స్వామీ? జవాబేమీ రాలేదు. మా ఆయన మోటారు వేశారు. మర గలగలమంది.

అత్తగారు ఆ మొదటి పిండి పిసికి, అక్కడే పొయ్యి పెట్టి, రొట్టెలు కాల్చారు. పెద్దది తీసి నా చేతికి అందించారు. కిందికి దిగి నిలబడ్డ నా మీదే అందరి కళ్లూ.

"తిను."

"తినను అత్తయ్యా."

మా ఆయన మోటారు ఆపేశారు.

"ఏమన్నావు?"

"తినను అన్నాను. మామయ్యగారు ఈ రొట్టె ఎందుకు పెట్టారు? రాతిపొడి వీళ్ల కడుపులోకి పోకూడదనా, మన కడుపులోకి పోవాలనా?"

"రెండూ ఒకటే."

"ఎలా ఒకటవుతాయి? మనం ఒక్కొక్క రొట్టె తినేసి, రాతిపొడి అయిపోయిందని లేచి వీళ్ల సంచీలు పోసేస్తున్నాం. అయిపోయిందో లేదో ఎప్పుడన్నా చూశామా?"

అత్తగారు నోరు తెరిచారు. విరిగిన పన్ను కనిపించింది.

నేను మరలో ఇంకాస్త గింజ ఆడించమని మా ఆయనకి చెప్పాను. ఆయన నా వంకా తల్లి వంకా చూసి, మోటారు వేశారు. గొట్టం కింద రాలిన పిండి చిటికెడు నాలుక మీద వేసుకుని ముందుపళ్లతో నెమ్మదిగా కొరికాను. ఇంకా గరగర ఉంది. మింగలేదు. పెరట్లోకి వెళ్లి, చెట్టు మొదట్లో ఉమ్మి, నోరు పుక్కిలించాను. తిండిని ఉమ్మడం తప్పే. దేవుడికి అక్కడే క్షమాపణ చెప్పుకుని లోపలికి వచ్చాను.

"ఉంది. ఇంకా రాయి ఉంది. ఈ పిండి ఎవరికీ పొయ్యొద్దు. మళ్లీ ఆడించండి."

"అమ్మో, మామూలుగా అయితే ఇప్పుడు నా సంచీయేగా పోసేది?" అంది గొంతు లావుగా ఉన్నావిడ.

మా ఆయన తలెత్తకుండా మళ్లీ గింజ పోశారు.

మళ్లీ ఆడింది. మళ్లీ కొరికాను. మళ్లీ వద్దన్నాను. మా ఆయనకి చెమటలు పట్టాయి. ఇంటి గోధుమలన్నీ అయిపోతున్నాయని తోడికోడలు గుసగుసలాడింది. ఆ తర్వాత రాలిన పిండి నాలుక మీద మంచులా కరిగింది. పళ్ల మధ్య ఏమీ తగల్లేదు. మరోసారి చూశాను. అప్పుడన్నాను.

"ఇప్పుడు పొయ్యొచ్చు."

గొంతు లావుగా ఉన్నావిడ లేచి తన సంచీ త్రాసు మీదకి లాగింది. "ఇదిగో అబ్బాయ్, ఇకనుంచి నా పిండి మీ ఆవిడ సరేనన్నాకే పొయ్యి. వద్దని మొహాన చెప్పే మనిషి ఒకరుండాలి మరలో." తర్వాత నా వైపు తిరిగింది. "ఏం తిని సన్నబడ్డావో కూడా నాకు చెప్పి పో."

ఆవిడకి గుడ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాను. ముందు డాక్టరమ్మకి చూపించుకోమని కూడా చెప్పాను.

అత్తగారు మాత్రం మామగారి కుర్చీలో కూచుని, నా కోసం చేసిన పెద్ద రొట్టె తనే తిన్నారు. కరకరమనే చప్పుడు గదంతా వినపడేలా, నా కళ్లలోకి చూస్తూ, చివరి ముక్క దాకా తిన్నారు. ఆవిడ పట్టుదల ముందు నాకు దండం పెట్టాలనిపించింది. తోడికోడలు కొంచెం కొరికి, "నా పళ్లు కొత్తవి, పాడుచేసుకోను" అని పెట్టేసింది. మా ఆయన సగం తిని, మిగిలిన సగం ఏం చెయ్యాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నారు. రాయి ఉన్న పిండంతా పుస్తకాలు కుట్టేవాళ్లు జిగురుకి పనికొస్తుందని పట్టుకుపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్లు అత్తగారు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నా పళ్లెం నేను నింపుకుంటూనే ఉన్నాను. నిచ్చెన రోజూ ఎక్కుతూనే ఉన్నాను. నా వెన్న మాత్రం ఎప్పటిలాగే వంటింటి కిటికీలో నీళ్లగిన్నెలో తేలుతూ, ఎండ పడితే కరుగుతూ ఉండేది. ఒక పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు అల్మరా ముందు నేల మీద కూచుని, కింది అరలోని డబ్బాలన్నీ బయటికి తీస్తున్నారు.

"నీ వెన్న ఎండకి కరిగిపోతోంది. చూడలేక చస్తున్నా. ఈ అరలో పెట్టుకో."

"మరి తాళం అత్తయ్యా?"

"తాళం నా దగ్గరే ఉంటుంది."

"అయితే నాది కిటికీలోనే ఉండనివ్వండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. నేనూ చూశాను. డబ్బాలు సర్దుకుని లేచారు, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మూలుగుతూ. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరగకుండానే అన్నారు.

"రేపు నాకూ ఆ చేపముక్క ఒకటి కాల్చు. రొట్టెతో తింటాను, చూసుకో. నేను మాననంటే మానను."

"రొట్టెతోనే తినండత్తయ్యా. ఎవరు మానమన్నారు?"

తాళంచెవి అల్మరాకే వేలాడుతూ ఉంది.

వెన్నంతా తెచ్చి కింది అరలో పెట్టుకున్నాను. తర్వాత పై అటక మీద, పాత గుడ్డలో చుట్టి దాచిన గిన్నె దించి, కడిగి, తుడిచి, వెన్నతో నింపాను. అంచు దాటి గోపురంలా లేచేదాకా పెట్టాను. పట్టపగలు, అత్తగారు వరండాలో కూచుని చూస్తూండగానే, గోడ పక్కనుంచి నడిచి వెళ్లి కుట్టు అక్క మిషను మీద పెట్టాను.

ఆమె తొక్కడం ఆపి, కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చి, గిన్నెనీ నన్నూ చూసింది.

"ఇది నా గిన్నేనా?"

"నీదే అక్కా. కులాసాగా వచ్చింది."

ఆమె చిటికెనవేలితో గోపురం కొస తీసి నోట్లో వేసుకుంది. "నేనిచ్చింది ఇంత లేదు పిల్లా. అంచుకి తక్కువే."

"ఆకలి మీద తెచ్చుకున్నాను అక్కా, నాకు నిండుగానే కనపడింది."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. ఖాళీ చేసి తెచ్చిస్తుందని కాసేపు నిలబడ్డాను. తేలేదు. ఎందుకు తెస్తుంది, అది ఆమెదేగా! ఉత్త చేతులతో ఇంటికి వచ్చి, మర దగ్గర నా పనిలో పడ్డాను.